చూసే కన్ను, వినని గేటు

తెలుగు పాఠం చెప్పుకునే నాబోటివాడికి కరెంటు సంగతులెందుకని మీరు అడగవచ్చు. అడిగేముందు మా నాన్నగారి చేతికర్ర కథ వినండి.

కిందటేడు అమెరికా నుంచి వచ్చిన మా తమ్ముడు, "నాన్నగారు ఇంత బరువు తోయలేరన్నయ్యా" అని, పక్కకు జరిగే మా ఇనపగేటుకు మోటారు పెట్టించి వెళ్లాడు. మీట నొక్కితే తెరుచుకుంటుంది. కాసేపాగి తనంతట తనే మూసుకుంటుంది. దారిలో మనిషి ఉంటే ఆగడానికి స్తంభాలకు చెరొక కన్నూ బిగించారు. ఒక కన్ను మనకు కనబడని పరారుణ కిరణాన్ని పంపుతుంది, రెండోది అందుకుంటుంది. కిరణానికి అడ్డు వస్తే గేటు ఆగాలి. కళ్లలో ఎర్రదీపాలు వెలుగుతూంటే వీధి వీధంతా మెచ్చుకుంది. మా ఆవిడ గేటుకు దిష్టి కూడా తీసింది.

మొన్నొక ఉదయం నాన్నగారు పూజకు మందారాలు కోస్తూ గేటు దారిలోనే నిలబడిపోయారు. గేటు కదిలింది. ఆ చప్పుడు ఆయన చెవికి ఆనదు. అదృష్టంకొద్దీ ముందుగా చేతికర్ర అడ్డుపడింది. కర్ర విరిగింది, ఆయన తూలి నా చేతుల్లో పడ్డారు.

"కళ్లున్నాయి గదండీ, ఎందుకు ఆగలేదూ?" అంది మా ఆవిడ, వణుకుతూ.

వీధి చివరి ఎలక్ట్రీషియన్ కుర్రవాణ్ణి పిలిపించాను. అతను కంటికి చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల 'టిక్' మంది. గేటు మాత్రం తన దారిన తను పోయింది. అప్పుడు మెయిను కట్టేసి, మోటారు మూత విప్పి, నవ్వాడు.

"మాస్టారూ, కళ్లకు కరెంటు ఇచ్చారుగాని, అవి చెప్పే మాట మోటారుకు చేర్చే తీగలు ఇవ్వలేదు. ఇదుగో, ఈ ముక్క చూడండి."

రెండు మరల మధ్య బెత్తెడైనా లేని తీగముక్క! కళ్లు బిగించకముందే మోటారు తిప్పి చూసుకునేందుకు ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన లంకె అట. కళ్లు కలిపేటప్పుడు దాన్ని తీసెయ్యాలి. తియ్యలేదు. కన్ను చూస్తూనే ఉంది. "దారిలో ఎవరూ లేరు" అని ఆ ముక్క నిత్యం అబద్ధమాడుతూనే ఉంది.

లంకె తీసి, దాని చోట కంటి తీగలు బిగిస్తూ, "కంటికి ఎన్.సి. కలపాలండీ. మామూలుగా మూసి ఉండేదన్నమాట" అన్నాడు. నాకు మతి పోయింది. గేటు మూస్తే దారి లేదు. కరెంటు భాషలో మూస్తేనే దారి! మా వ్యాకరణంలో చెప్పుకుంటే మూయడం సంధి, తెరవడం విసంధి. నొక్కే మీటకు ఎన్.ఓ. చాలు: నొక్కినప్పుడే సంధి. కంటికి మాత్రం దారి ఖాళీగా ఉన్నంతసేపూ సంధి. మనిషి అడ్డొస్తే విసంధి.

"ఎందుకలాగ?" అన్నాను.

"ఎలుక తీగ కొరికినా సంధి విడిపోతుందండీ. గేటు మూసుకోదు. విసుక్కుని నన్ను పిలుస్తారు. ఎన్.ఓ. పెడితే తీగ తెగినా ఎవరికీ తెలీదు."

పాఠం నాకే చెప్పాడు!

ఫోనులో తమ్ముడన్నాడు: అమెరికాలో యూఎల్ 325 అనే భద్రతా ప్రమాణం 2016లో బిగిసిందట. కన్ను కలిపి ఉందో లేదో మోటారే కనిపెట్టుకోవాలి. లేకుంటే తనంతట తను మూసుకోకూడదు.

మీ ఇంట అలాంటి గేటుంటే దీపం చూసి నమ్మకండి. నెలకోసారి, గేటు మూసుకుంటూండగా, ఖాళీ అట్టపెట్టెను కర్రతో కిరణానికి అడ్డంగా తోయండి. ఆగకపోతే పనివాణ్ణి పిలవండి. మూత మాత్రం మీరు విప్పకండి. లోపల 230 వోల్టులుంటాయి.

నాన్నగారికి పరీక్షలంటే ఇష్టం. రోజూ పూలకు వెళ్లేముందు ఎడంగా నిలబడి, కొత్త చేతికర్రను కంటికి అడ్డం పెడతారు. గేటు ఆగి వెనక్కి వెళ్తుంది.

"ఇవాళ వింటోందిరా!" అని కేకేసి, ఆ తరవాతే మందారాల మీద చెయ్యి వేస్తారు.