ఇంటింటి యంత్రాలు: పాత కారుకు ఆల్టర్నేటరు

పోయిన నెల సంఘం సమావేశం ముగిశాక, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉండగా ఒక పెద్దాయన నన్ను పట్టుకున్నారు. "ఏమోయ్, మీ అంబాసిడరుకు డైనమో తీసేసి ఆల్టర్నేటరు వేయించావట. మాదీ అదే బాపతు బండి. వేయించమంటావా, వద్దంటావా?" అన్నారు. "నిలబడి చెప్పే సంగతి కాదండీ, పత్రికలో వ్రాస్తాను" అన్నాను. నేను మేస్త్రీని కాను, ఫైళ్ళు చూసుకునే గుమాస్తాను. అయితే ఈ పనిలో ఒకసారి చెయ్యి కాల్చుకున్నవాణ్ణి. ఆ కాలిన చెయ్యే ఈ నెల వ్రాస్తున్నది.

మా కారు 1972 నాటిది, నాన్నగారు కొన్నది. 1936లో ఒరిస్సా వేరు రాష్ట్రమై బరంపురం అందులో చేరింది గాని, మన చుట్టాలు మాత్రం ఇచ్ఛాపురం, సోంపేట, పలాసల్లోనే ఉండిపోయారు. పెళ్ళికైనా పురుడికైనా ఆ దారిన పోక తప్పదు. ఒక వానాకాలం రాత్రి సోంపేటలో అమ్మకు ఆయాసం ఎక్కువైంది. బరంపురం ఆస్పత్రికని వెనుక సీట్లో పడుకోబెట్టి బయలుదేరాను. హెడ్ లైట్లు, వైపరు రెండూ వేయక తప్పని వాన. ఇచ్ఛాపురం దాటేసరికి లైట్లు ఎర్రబడ్డాయి, వైపరు ఈడ్చుకుంటూ కదిలింది. ఇంకొంత దూరం పోయాక ఇంజను కూడా ఆగింది. సెల్ఫు కొడితే టక్కుమనడమే గాని తిరగలేదు. "ఏమయింది నాయనా?" అని అమ్మ చీకట్లో అడిగితే నోట మాట రాలేదు. ఎవరో లారీ డ్రైవరు దయతలచి అమ్మను ఎక్కించుకున్నాడు గనుక గట్టెక్కాం.

తెల్లవారాక కాగితం తీసుకొని లెక్క వేశాను. 60 వాట్ల హెడ్ లైట్లు రెండు వెలిగితే 12 వోల్టుల బండిలో 10 ఆంపియర్లు. వెనుక లైట్లకూ, వైపరుకూ, ఇగ్నిషనుకూ కలిపి మరో 8 లేక 9. ఆ కాలపు లూకాస్ డైనమోలలో పేరుపొందిన సీ 40 రకం బాగా తిరిగినప్పుడు ఇచ్చేదే 22 ఆంపియర్లు. వానలో, గుంటల్లో, నెమ్మదిగా పోయే బండిలో అది రాదు. తక్కువైనదంతా బ్యాటరీ నుంచి పోతుంది. జీతం చాలక నెలనెలా పాత నిల్వలో చేయి పెట్టే సంసారం లాంటిదే ఇది.

డైనమోలో తిరిగే చుట్టల నుంచే కరెంటంతా బ్రష్షుల గుండా బయటికి రావాలి. అందుచేత దాన్ని మరీ వేగంగా తిప్పడానికి వీల్లేదు. ఆల్టర్నేటరులో అయస్కాంతం తిరుగుతుంది, కరెంటు పుట్టే చుట్టలు కదలకుండా ఉంటాయి. బ్రష్షుల గుండా పోయేది కొద్ది ఆంపియర్లే. చిన్న పుల్లీ వేసి వేగంగా తిప్పవచ్చు గనుక బండి నిలిచి ఉన్నప్పుడు కూడా చార్జి అవుతుంది. పుట్టిన ఏసీ కరెంటును లోపలి డయోడులు డీసీ చేస్తాయి. అవే బ్యాటరీ కరెంటు వెనక్కు పోకుండా ఆపుతాయి గనుక పాత కటౌటు పెట్టెతో పని లేదు.

ఇక నేను చేసిన తప్పు. 45 ఆంపియర్ల ఆల్టర్నేటరు కొని ఒక మేస్త్రీకి ఇచ్చాను. "ఉన్న వైరే చాలు బాబూ" అని అతను పాత డైనమో వైరుకే దాన్ని తగిలించి, కటౌటు దగ్గర తీగలు మెలిపెట్టి టేపు చుట్టాడు. ఖర్చు తగ్గిందని నేనూ సంతోషించాను. మర్నాడు ఛత్రపురం పోతూ ఉంటే రబ్బరు కాలిన వాసన. బానెట్ ఎత్తితే మెలిపెట్టిన చోట పొగ. బ్యాటరీ బాగా దిగిపోయి ఉంది గనుక కొత్త ఆల్టర్నేటరు తన శక్తికొద్దీ కరెంటు తోసింది. యాభై ఏళ్ళ నాటి వైరు, వదులు జాయింటు ఆ వేడికి తట్టుకోలేదు. ఇంజను ఆపి, గుడ్డతో పట్టుకొని బ్యాటరీ తీగ ఊడదీశాను. అరచేతి మీద మచ్చ ఇంకా ఉంది. తప్పు మేస్త్రీది ఎంతో, పక్కన నిలబడి తలూపిన నాదీ అంతే.

రెండోసారి సరిగ్గా చేయించిన పద్ధతి ఇది. ముందుగా బ్యాటరీలో ఏ కొన బాడీకి కలిపి ఉందో చూడాలి. పాతకాలపు ఇంగ్లీషు కార్లలో చాలావాటికి ప్లస్ బాడీకి ఉండేది. మామూలు ఆల్టర్నేటరుకు మైనస్ బాడీకి ఉండాలి. తారుమారైతే డయోడులు క్షణంలో పోతాయి. మాదానికి మైనస్సే ఉంది, అయినా చూడకుండా నమ్మరాదు. చూశాక బ్యాటరీ తీగ విప్పి పెట్టి పని మొదలుపెట్టాలి.

ఆల్టర్నేటరు పెద్ద బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్ వైపుకు 10 చదరపు మిల్లీమీటర్ల కొత్త రాగి వైరు నేరుగా వేయించాను. లగ్గులు గట్టిగా నొక్కించి, బ్యాటరీ దగ్గర 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించాను. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకొని బాడీకి తగిలితే బండిని కాపాడేది ఆ ఫ్యూజే. ఇంజనుకూ బాడీకీ మధ్య ఎర్తు పట్టీ కొత్తది వేయించాను.

మా కటౌటు పెట్టె మీద ఏ, ఏ1, డీ, ఎఫ్, ఈ అని అక్షరాలున్నాయి. పెట్టె తీసేస్తే ఏ, ఏ1 వైర్లను ఒకటిగా కలపాలి. లేకుంటే బండికి ప్రాణమే రాదు. డీ దగ్గరి సన్న వైరు డ్యాష్ బోర్డు ఎర్ర లైటుది. దాన్ని ఆల్టర్నేటరు చిన్న టెర్మినలుకు పొడిగించాలి. ఆ లైటు అలంకారం కాదు సుమా! మొదట ఆల్టర్నేటరును మేలుకొలిపే కరెంటు దాని గుండానే వస్తుంది. బల్బు మాడిపోతే చార్జి మొదలు కాకపోవచ్చు. మిగతా పాత వైర్లు తీసేయాలి. మీ పెట్టె మీద అక్షరాలు వేరుగా ఉంటే, విప్పకముందే ఏ వైరు ఎక్కడిదో చీటీలు కట్టుకోండి. ఇలా చేశాక పాత ఆంపియరు మీటరు సరిగ్గా చూపదు. దాని బదులు వోల్టు మీటరు పెట్టుకోవడం మేలు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజను ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజను కాస్త రేజు చేసి, లైట్లన్నీ వేస్తే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్లే, బ్యాటరీ ఉడికిపోతుంది. బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

ఇంకొక్క మాట. డైనమో రోజుల్లో ఇంజను నడుస్తూ ఉండగా బ్యాటరీ తీగ ఊడదీసి, "చూశారా, చార్జి వస్తోంది" అని చూపే అలవాటు కొందరు మేస్త్రీలకు ఉండేది. ఆల్టర్నేటరు బండిలో ఆ పని చేయనివ్వకండి. డయోడులు పోతాయి.

కనుక పెద్దాయనకు నా జవాబు: నిక్షేపంగా వేయించండి. కాని వైరు దగ్గర పొదుపు చేయకండి. మొన్న వానలో అమ్మను మళ్ళీ సోంపేట తీసుకువెళ్ళాను. లైట్లు తెల్లగా వెలుగుతున్నాయి. వెనుక సీట్లోంచి అమ్మ, "ఈసారి దారి కనబడుతోంది నాయనా" అన్నది.