బొండాంలో దబ్బాకు... అదీ మజా!

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. అమలాపురంలో ఎండ సంగతి సరే, ఆ ఉక్కపోత మాటేమిటి? ఓ పక్క సముద్రం, చుట్టూ గోదావరి పాయలు. గాలి నిండా తేమే. పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. సరిగ్గా ఇప్పుడే సెలవులకని అల్లుళ్లూ, మనవలూ దిగుతారు. పిల్లలకి కూల్‌డ్రింకులు. డాబా మీద బావగార్లకి ఐసు ముక్కలు, నిమ్మచెక్కలు, ఓ జిన్ సీసా. ‘ఎండాకాలం దీన్ని మించిన చలవ లేదు బావా’ అని ఒకరికొకరు సర్టిఫికెట్లు!

నిజానికి ఆ గ్లాసులో హాయినిచ్చేది జిన్ కాదు. చల్లటి ఐసు, నిమ్మ పులుపు, ఓ మంచి వాసన, కాస్త చేదు... అంతే. ఆ వాసన జూనిపర్ అనే చెట్టు కాయలది. చేదేమో టానిక్ వాటర్‌లోని క్వినైన్‌ది. మలేరియాకి దొరల కాలంలో వాడిన మందది. గొంతు దిగక చక్కెర, సోడా, జిన్ కలుపుకుని తాగేవారు. అదే తర్వాత షోకు అయింది. ఇక మద్యం చేసే పని వేరు. మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీటిని లాగేస్తుంది. అసలే చెమటతో కారిపోతున్న కుండకి ఇంకో చిల్లన్నమాట.

బహమాస్ దీవుల్లో జిన్‌లో కొబ్బరినీళ్లు, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ‘స్కై జ్యూస్’ అంటూ తాగుతారు. కొబ్బరినీళ్ల విలువ అంత దూరాన ఉన్నవాళ్లకీ తెలుసు. మరి కొత్తపేట, రాజోలు వాళ్లకి వేరే చెప్పాలా? జిన్ తీసేసి, దాని వాసనకి బదులు పెరట్లో దబ్బచెట్టుని అడిగితే సరి. మజ్జిగలో దబ్బాకు నలిపి వేయడం గోదావరి జిల్లాల అమ్మమ్మలకి తెలిసిన విద్యే.

నలుగురికి నాలుగు బొండాలు, ఐసు కోసం ఇంకొకటి కావాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు కాకూడదు. గలగలలాడిందంటే ముదిరినట్టే. బొప్పాయి ఆకారంలో ఉండే గంగబొండం దొరికితే మరీ అదృష్టం, దాని నీళ్లు తియ్యన.

అయిదో బొండాం నీళ్లని ముందురోజే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించుకోండి. ఈ ఐసు కరిగినా రుచి పల్చబడదు. అసలు కిటుకంతా ఇక్కడే! రెండు చెంచాల సబ్జా గింజల్ని పావుగంట ముందు నీళ్లలో నానబెట్టాలి. నాలుగైదు లేత దబ్బాకుల్ని ఈనె తీసి చేత్తో నలపాలి. మిక్సీలో వేశారో, చేదు పట్టుకుంటుంది. బొండాలు కొట్టి నీళ్లు గిన్నెలో పోసి, ఆకు, రెండు నిమ్మకాయల రసం, చితక్కొట్టిన చిన్న అల్లం ముక్క వేసి అయిదు నిమిషాలు ఉంచి వడకట్టండి. లేత కొబ్బరిని చెంచాతో గీరి సబ్జాతో పాటు కలపండి. చక్కెర వద్దు. ఉప్పు మాత్రం చిటికెడు వేయాల్సిందే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేదేమో సోడియం!

ఖాళీ బొండాల్లోనే పోసి ఇస్తే పిల్లలు కూల్‌డ్రింకు ఊసెత్తరు. బావగార్లు మొదట మొహం చిట్లించినా రెండోసారి తామే అడుగుతారు.

బొండాం ధర ఎక్కువనిపిస్తే ఓసారి చెట్టు వైపు చూడండి. కాయ పక్వానికి రావడానికి పదకొండు, పన్నెండు నెలలు పడుతుంది. బొండాంగా అయితే ఆరేడు నెలలకే కోస్తారు. కానీ పండుకాయలా పైనుంచి పడేస్తే పగిలిపోతుంది. పొడుగు చెట్ల మీంచి దింపు కార్మికులు గెలకి తాడు కట్టి కిందికి వదలాలి. ఆ కష్టం సీసా మూత తిప్పడం లాంటిది కాదుగా!

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పొటాషియం పెంచే బీపీ మందులు వాడేవారు డాక్టరుని అడిగాకే తాగాలి. మిగతావారు హాయిగా తాగొచ్చు. సాయంత్రానికి దాచుకోవాలని మాత్రం చూడకండి. కొట్టిన బొండాం నీళ్లు ఎండాకాలంలో ఇట్టే పులిసిపోతాయి.