చూచి వద్దాం: సూళ్లూరుపేట, ప్రళయకావేరి



నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే రైలులో మీరెప్పుడైనా ప్రయాణం చేశారా? గూడూరు, నాయుడుపేట దాటాక సూళ్లూరుపేట వస్తుంది. చాలామంది కిటికీలోంచి ఊరి పేరు చదువుకుని ముందుకు పోతారు. ఈ నెల మనం అక్కడ దిగుదాం.

ఊరు చిన్నదే. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉన్నది. ఆ గుడికి రాత్రిపూట కూడా తలుపులు మూయరు. అమ్మవారిని చూచి, కడుపునిండా ఇడ్లీలు తిని, తూర్పున శ్రీహరికోట దారి పట్టండి.

ఊరు దాటిన కాసేపటికే రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు! "సముద్రం వచ్చేసింది!" అని చిన్నవాళ్ళు కేకలు పెడతారు. అది సముద్రం కాదు, పులికాట్ సరస్సు. ఇక్కడివారు ప్రళయకావేరి అంటారు. పేరు వింటే భయం వేస్తుంది గాని, చాలాచోట్ల పెద్దవాళ్ళ నడుము లోతే ఉంటుంది. అయినా దిగకండి, అడుగున ఊబిలాంటి బురద. ఏటి నీళ్ళూ సముద్రపు నీళ్ళూ కలిసే ఇటువంటి సరస్సులలో, ఒడిశాలోని చిలికా తరువాత, మన దేశంలో ఇదే పెద్దది. దక్షిణపు కొన తమిళనాడులో ఉన్నది, ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే.

చలికాలంలో వెళితే దూరాన నీళ్ళ మీద తెల్లగా, గులాబీ రంగుగా ఒక గీత కనిపిస్తుంది. అవి ఫ్లెమింగోలు. ఒక్కొక్కటి మీ ఎత్తు ఉంటుంది. తినేటప్పుడు చూడండి, తమాషాగా ఉంటుంది: తల పూర్తిగా తలకిందులు చేసి ముక్కును నీళ్ళలో ముంచుతుంది. నాలుకతో నీటిని లోపలికి లాగి, బయటికి నెడుతుంది. ముక్కు అంచుల్లో జల్లెడ వంటి ఏర్పాటు ఉన్నది. నీళ్ళు పోయి, సన్నని పురుగులూ నాచూ లోపల మిగులుతాయి. దాని గులాబీ రంగు కూడా ఆ తిండిలో నుంచి వచ్చినదే. పిల్ల పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుంది.

ఈ రోడ్డు చివర శ్రీహరికోట. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగా పడుకున్న ఇసుక దీవి అది. ఒకప్పుడు అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు వెళ్ళేవి. 1971లో అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది. 1980లో మన రాకెట్టు మన ఉపగ్రహాన్ని ఆకాశంలో నిలిపింది. ముందుగా పేరు నమోదు చేసుకుంటే రాకెట్టు ఎగరడం కళ్ళారా చూడవచ్చు. రాకెట్ల సంగతి ఎప్పుడూ చదువుతూనే ఉంటారు గనక, మనం వెనక్కి తిరిగి నేలపట్టు వెళదాం.

నేలపట్టు సూళ్లూరుపేటకు ఉత్తరాన, దొరవారిసత్రం దగ్గర ఉన్న పల్లె. 1976లో అక్కడి చెరువును పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించారు. చెరువు నీళ్ళలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. వాటి కొమ్మల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వీటినే ఇంగ్లీషువాళ్ళు పెలికాన్లు అంటారు. నత్తగుల్ల కొంగలూ, నీటికాకులూ వీటికి ఇరుగుపొరుగు. ఆ గోల వింటే మీ తరగతి గది గుర్తుకు రావచ్చు!

గూడబాతు ముక్కు కింద పెద్ద సంచి ఉన్నది. దానిలో చేపలు దాచుకుని ఎగురుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సంచి వల వంటిది. చేపలతో పాటు నీళ్ళు కూడా సంచిలోకి వస్తాయి. ముక్కు వంచి ఆ నీళ్ళు కార్చేసి, చేపను మింగేస్తుంది. గూటికి వచ్చాక కడుపులోనుంచి మళ్ళీ పైకి తెస్తే, పిల్లలు తల్లి నోట్లోకి తల దూర్చి తింటాయి.

ఆ చేపలు ఎక్కడివి? అన్ని గూళ్ళకు చెరువు చేపలు చాలవు. అందుకని గూడబాతులు ప్రళయకావేరికి వెళ్ళి వేటాడుతాయి. ఇల్లు ఒకచోట, వంటిల్లు ఇంకొకచోట అన్నమాట! వంటింట్లో ఏమీ లేకపోతే ఇల్లు నిలవదు గదా.

వంటిల్లు నిండాలంటే సముద్రం తలుపు తెరిచి ఉండాలి. సరస్సు సముద్రంతో కలిసే చోటును ముఖద్వారం అంటారు. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్లలు పోటు నీటితో ఆ దారినే సరస్సులోకి వచ్చి, ఇక్కడ తిని పెరిగి, పెద్దవై మళ్ళీ సముద్రానికి వెళతాయి. కాని అలలు ఇసుకను తెచ్చి ద్వారంలో పోస్తూ ఉంటాయి. రాయదొరువు దగ్గర ఉన్న ముఖద్వారానికి ఈ పూడిక బెడద ఎక్కువ. ద్వారం మూసుకుంటే కొత్త నీరు రాదు. ఎండాకాలంలో ఉన్న నీరు ఆవిరైపోయి, మిగిలినది మరీ ఉప్పు తేలుతుంది. చాలా మేర నేల బయటపడి నెర్రెలు విచ్చుతుంది. అప్పుడు జాలరుల పడవలు బురదలో కూరుకుని ఉంటాయి. ఇసుక తవ్వి తీస్తే కొంతకాలం బాగుంటుంది, తరువాత అలలు మళ్ళీ తెచ్చి పోస్తాయి. వానాకాలంలో ఏళ్ళు పొంగి వచ్చినప్పుడు వరద నీరే ఇసుకను కోసుకుని సముద్రానికి దారి చేసుకోవడం కూడా కద్దు.

మీరు వెళ్ళినప్పుడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న తాతనెవరినైనా పలకరించండి. "తాతా, ఈ ఏడు ముఖద్వారం తెరిచి ఉన్నదా?" అని అడగండి. ఉన్నదని తాత అంటే, మర్నాడు పెందలాడే లేచి నేలపట్టు వెళ్ళండి. గూళ్ళలో పిల్లలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మాకు రాయండి.