ప్రతిని దాచుట యెట్లు?



ఈ శీర్షిక క్రింద వంటయిల్లు, పెరడు, పిల్లల చదువు మొదలగు విషయములను మేము ముచ్చటించుచు వచ్చితిమి. ఈ మాసము ఇంటిలోనే యుండియు కంటికి కనబడని యొక ధనమును గూర్చి వ్రాయదలచితిమి. అది మన ఫైళ్లు.

మా యూరి పేరులోనే కాగితము కలదు. 1938లో స్థాపింపబడిన సిర్పూరు కాగితపు మిల్లు వలన ఈ యూరు కాగజ్‌నగరమైనది. ఆ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో మరల నడువసాగినది. కాగితమును నమ్ముకొని బ్రదికిన యీ యూరిలో సైతము నేడు మార్కుల పట్టీలు, జనన ధ్రువపత్రములు, పాసుపుస్తకపు నకళ్లు, పెండ్లి ఫొటోలు, పాల లెక్కలు సమస్తము ఫైళ్లైనవి. అవి సెల్‌ఫోనులో కొన్ని, లాప్‌టాప్‌లో కొన్ని, పాఠశాల కంప్యూటరులో కొన్ని. ఒకే ఫైలు మూడుచోట్ల నున్నప్పుడు రెండు ప్రశ్నలు పుట్టును. మూడింటిలో సరియైన దేది? మూడును చెడినచో దానిని తిరిగి పొందు టెట్లు? చాలమంది యీ రెండును ఒక్కటే యనుకొందురు. కావు. వీని భేదమును తెలియకుండుటచేతనే ఇండ్లలో విలువగల వస్తువులు పోవుచున్నవి.

ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టినది కాదు. అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించెనని ప్రతీతి. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమందలి చిన్న యరలో భద్రపరచిరి. రాగిని చెదలు తినదు, వాన నాన్పదు. అయినను 20వ శతాబ్దమున పండితులు ఆ రేకులను పరిష్కరించి అచ్చువేయునప్పటికి దొరకిన సంకీర్తనలు ఆ సంఖ్యలో సగమునకు లోపే. వస్తువు ఎంత గట్టిదైనను, దాచిన చోటు ఒక్కటియే యైనచో రక్ష చాలదు.

వేమన పద్యముల కథ వేరు. వానికి రాగిరేకులు లేవు. జనుల నోళ్లలోను, ఊరూర తాటాకు ప్రతులలోను అవి వ్యాపించినవి, కావున నిలిచినవి. కాని ఒక ప్రతితో మరియొకటి సరిపోలదు. ఒకచోట నున్న పద్యము వేరొకచోట లేదు. ఉన్నను మాటలు మారినవి. కడపలో ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను దొర పలుతావుల నుండి ప్రతులను తెప్పించి, పండితులకు జీతము లిచ్చి, ప్రతితో ప్రతిని పోల్పించి, 1829లో 693 పద్యములను ప్రకటించెను. 1839 నాటి కూర్పులో అవి 1164 అయినవి.

ఒక్కచోట నున్నది కొంత పోయెను. పలుచోట్ల నున్నది మారెను. నేటి కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ రెండు ఆపదలను గూర్చియే చింతించుచున్నారు.

మొదట, రెండు ప్రతులు ఒక్కటేనా యని తెలిసికొను మార్గము చూతము. పూర్వము వ్రాయసకాండ్రు 32 అక్షరములను ఒక 'గ్రంథ'మని లెక్కించి, పుస్తకము చివర గ్రంథసంఖ్య వేయుట గలదు. కూలియు దాని ననుసరించియే. ఆ సంఖ్య తప్పినచో ప్రతిలో లోపమున్నదని తెలియును. కంప్యూటరు ఇంతకంటె నిశితముగ చూచును. ఫైలంతటిని గణించి దానికొక ముద్రసంఖ్య కట్టును. ఎస్‌హెచ్‌ఏ-256 అను పద్ధతిలో ఫైలు చిన్నదైనను పెద్దదైనను ఆ ముద్ర 64 గుర్తులుగ వ్రాయబడును. ఫైలులో ఒక్క యక్షరము మారినను ముద్ర యంతయు మారిపోవును. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనువారు 'ఆర్‌సింక్' అను సాధనమును వెలువరించిరి. అది ఫైలును ముక్కలుగ భావించి, ముక్కల సంఖ్యలను పోల్చి, మారిన ముక్కలను మాత్రమే రెండవ కంప్యూటరునకు పంపును. చీర యంచు మాసినచో అంచు నుదుకుదుము గాని బీరువా నంతయు ఖాళీచేయము గదా!

ఇక రెండవది, సంబంధము తెగినప్పటి సంగతి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున మహదేవ్ సత్యనారాయణన్ గారు 1987లో 'కోడా' యను ఏర్పాటును ఆరంభించిరి. అందు ఒకే ఫైలు పలు కంప్యూటర్లలో ప్రతులుగ నుండును. ఒకటి ఆగిపోయినను మరియొకటి పని నడపును. అంతేకాక, చేతి కంప్యూటరు ప్రయాణమునకు ముందే కావలసిన ఫైళ్లను తనలో నింపుకొనును. సంబంధము లేనంతసేపు చేసిన మార్పులను ఒక చిట్టాలో వ్రాసికొనును. తిరిగి కలిసినతోడనే ఆ చిట్టాను అప్పగించును.

మా ప్రాంతమువారి కిది సుబోధము. అడవి గూడెముల బడులకు పోవు ఉపాధ్యాయులకు త్రోవలోనే సెల్‌ఫోను సిగ్నలు తప్పిపోవును. పగలంతయు మార్కులను సిగ్నలు లేకయే యెక్కించి, సాయంకాలము ఇల్లు చేరి కలుపుకొందురు. ఒక్కరే వ్రాసినంతకాలము చిక్కులేదు. గూడెములో నున్న అయ్యవారు ఒక పిల్లకు 42 వేయగా, అదే దినమున బడి కంప్యూటరులో మరియొకరు ఆ గడిలోనే 24 వేసిరనుకొందము. ఏది నిలువవలెను? 'తరువాత వ్రాసినదే నిజము' అనిన యెడల, ఒక యంత్రపు గడియారము తప్పినచో పిల్ల మార్కులే తప్పును. అందుచేత ఇట్టి యేర్పాట్లలో ప్రతి యంత్రమును తాను చేసిన మార్పులకు వరుస సంఖ్య నుంచుకొనును. ఒక ప్రతిలో రెండవదాని మార్పులన్నియు చేరియున్నచో మొదటిది క్రొత్తది. ఒకదానిలోని మార్పు మరొకదానిలో లేక, రెండును వేరుగ మారియున్నచో అది వివాదము. దానిని తీర్పవలసినది మనుష్యుడు.

ఇండ్లలో పలువురు వాడు 'సింక్‌థింగ్' అను ఉచిత సాధనము ఇట్టి సమయమున పాత తేదీగల ప్రతిని పారవేయదు. దాని పేరులో 'సింక్-కాన్‌ఫ్లిక్ట్' అను మాట చేర్చి ప్రక్కన నుంచును. అట్టి ఫైలు కనబడినప్పుడు చెత్త యని తుడిచివేయకుడు. అది పాఠాంతరము. బ్రౌను దొర పండితులవలె రెండింటిని తెరచి, పోల్చి, సరియైన దానిని నిలిపిన పిమ్మటనే రెండవదానిని తీసివేయవలెను.

ఇంతవరకు చెప్పినది ప్రతులను ఏకముగ నుంచు విధము. దీనినే సింక్ అందురు. ఇకమీదటి సంగతిని సోదరీమణులు మిక్కిలి శ్రద్ధతో చదువగోరెదము.

మాకు పరిచితురాలగు నొక గృహిణి యత్తగారు బతుకమ్మ పాటలలో దిట్ట. అచ్చున కనబడని పాటలు ఆమెకు పెక్కు వచ్చును. కోడలు వానిని సెల్‌ఫోనులో రికార్డు చేసినది. ఫోనులోని ఆ ఫోల్డరు లాప్‌టాప్‌నకును, క్లౌడ్‌నకును ముడిపడియుండుటచే మూడు ప్రతులున్నవని నిశ్చింతగ నుండెను. ఒకనాడు ఫోనులో చోటు చాలదని పిల్లవాడు ఆ ఫోల్డరును తుడిచివేసెను. ముడి చక్కగ పనిచేసినది! ఫోనులో పోయినది కొలది నిమిషములలో తక్కిన రెండుచోట్లను పోయినది. ఎవ్వరును గమనింపలేదు. మరుసటి యేడు బతుకమ్మ పండుగనాడు పాటలకై వెదకునప్పటికి తుడిచిన ఫైళ్లు చెత్తబుట్టలో నిలుచు గడువు దాటినది. అత్తగారు అంతకు ముందే కాలము చేసిరి. ఆ కంఠమును మరల వినుటకు వారికి నేడు మార్గము లేదు.

ఇందు యంత్రదోషము లేదు. అది చెప్పిన పని చేసినది. సింక్ అద్దము వంటిది. ముఖమున బొట్టున్న బొట్టును, మసి యున్న మసిని చూపును. మూడు అద్దములు పెట్టుకొన్నంత మాత్రమున ముఖములు మూడగునా?

ఆవకాయ పెట్టు ఇల్లాలికి ఈ భేదము వేరుగ చెప్పనక్కరలేదు. ఏడాదికి సరిపడు పచ్చడిని పెద్ద జాడీలో నింపి, వాసెన గట్టి, అటుక మీద నుంచుదుము. దినవాడుకకు చిన్న జాడీలోనికి తీసికొందుము. పిల్లలెవరైన తడి గరిటె పెట్టినచో చిన్న జాడీ బూజుపట్టునుగాని పెద్దది చెడదు. సింక్‌లో నున్న ప్రతు లన్నియు చిన్న జాడీలే. పెద్ద జాడీ వేరుగ నుండవలెను. దానినే బ్యాకప్ అందురు. దానిని ఏ ఫోనునకును ఎల్లప్పుడు తగిలించియుంచరాదు. తగిలియున్నది తడిగరిటెకు అందుబాటులో నున్నట్లే. 2017 మే నెలలో 'వన్నాక్రై' యను దుష్టసాధనము పెక్కు దేశములలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళమువేసి సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశమున కొన్ని పోలీసు కంప్యూటర్లును దాని వాతబడినవి. అట్టిది వచ్చినప్పుడు తగిలియున్న డిస్కులోని ప్రతులకును తాళము పడును. విడిగ పెట్టెలో నున్న డిస్కు మాత్రము దక్కును.

ఇక చేయవలసిన పని. నిపుణులు చెప్పు సూత్రము మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైన ఫైలునకు మూడు ప్రతులు. అవి రెండు విధములైన వస్తువులలో. అందొకటి వేరొక యూరిలో. మా యింట ఒక ప్రతి లాప్‌టాప్‌లో, రెండవది నెలకొకమారు తగిలించి మరల తీసి పెట్టెలో నుంచు హార్డ్‌డిస్కులో, మూడవది కరీంనగరమున మా చెల్లెలి యింట. వానకాలపు పిడుగునకు గోడకు తగిలించిన యంత్రములన్నియు ఒక్కమారే చెడవచ్చును. రెండు ఊళ్లలో ఒక్కమారే చెడుట యరుదు. క్లౌడ్‌ను వాడువారు దాని గడువును తెలిసికొనవలెను. గూగుల్ డ్రైవ్‌లో తుడిచిన ఫైలు 30 దినములు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటో 60 దినములు చెత్తబుట్టలో నుండి పిమ్మట పోవును. సింక్‌థింగ్ వాడువారు అందలి పాత ప్రతులను దాచు ఏర్పాటును తెరచి యుంచుట మేలు. ఫొటోలను వాట్సాప్‌లో ఫొటోలుగ పంపినచో పరిమాణము తగ్గి స్పష్టత చెడును. డాక్యుమెంటుగ పంపినచో ఉన్నదున్నట్లు చేరును.

పెద్ద సంస్థలకును ఈ సూత్రము తప్పదు. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహమున, లక్షల గ్రంథములను స్కాను చేయు నుద్యమము 2000 తరువాతి యేండ్లలో సాగినది. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' యను పేర హైదరాబాదు మొదలగు తావులలో తెలుగు గ్రంథములు వేలకొలది అందు చేరినవి. మన తాతమ్మలనాటి స్త్రీల పత్రికలును, అచ్చు దొరకని శతకములును ఎందరికో దాని మూలముననే లభించినవి. తరువాత ఆ వెబ్‌సైటు మూతపడినది. అయినను కార్ల్ మలమూద్ అను అమెరికా దేశస్థుని పూనికచే, అందలి పెక్కు గ్రంథముల ప్రతులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరియుండుటవలన నేడును చదువుకొనుచున్నాము. మూతపడక ముందే వేరొకచోట ప్రతి చేరుటయే ఆ గ్రంథములకు శ్రీరామరక్ష యైనది.

కడపట రెండు మాటలు. దాచిన ప్రతిని తెరచి చూడనిది అది యున్నదనుకొనరాదు. ఏటికి రెండుమారులు, ఉగాదికి ముందును దసరాకు ముందును, హార్డ్‌డిస్కును తగిలించి, నాలుగైదు ఫైళ్లను తెరచి, ఒక పాట విని, ఒక పత్రము చదివి చూడుడు. తెరచుకొననిచో ఇంకను రెండు ప్రతులుండగనే క్రొత్త డిస్కు కొనవచ్చును.

రెండవది పాస్‌వర్డు. పలు ఇండ్లలో అది యజమానికి మాత్రమే తెలియును. ఆయన ఊరలేనప్పుడో, మంచమున పడినప్పుడో, ఎన్ని ప్రతులున్నను తాళము తీయువారుండరు. ఒక్కరి తలలోనే యున్న పాస్‌వర్డును ఒక్క ప్రతి వంటిదే. దానిని కాగితముపై వ్రాసి, కవరులో నుంచి, నగల పెట్టెలో భద్రపరచి, ఆ సంగతి ఇంటిలో మరియొకరికి చెప్పియుంచుడు. ఈ పనికి మాత్రము మా యూరి కాగితమే మేలు.

ఈ మాసమున అన్ని ఫైళ్లను సర్దలేకపోయినను, మరల పొందజాలని యొక్క వస్తువును, తల్లి కంఠమునో, తండ్రి దస్తూరినో, ఎంచుకొని దానికి పెద్ద జాడీ ప్రతి నొకటి చేయుడు. తక్కినవి వచ్చే మాసము చూచుకొనవచ్చును.