కమాన్ కొన్నారు సరే, దానికి ఏం తగిలిస్తారు?

షికార్ మన దీన్‌లో జాయిజ్. తినడానికైతే జాయిజ్, తమాషాకైతే కాదు. ఈ ఒక్క ముక్క దిల్‌లో పెట్టుకుంటే, కొత్త కాంపౌండ్ విల్లు కొన్న నౌజవాన్ దానికి ఏ సామాను తగిలించాలన్న సవాల్‌కు సగం జవాబు దొరికినట్టే.

ముందే సాఫ్‌గా చెబుతున్నా, ఇది ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ జింకను వేటాడటం నేరం. అమెరికాలో సంగతి వేరు. లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో, హద్దుల్లో ఉండి హిరన్‌ను వేటాడటానికి అక్కడ ఖానూన్ ఇజాజత్ ఇస్తుంది. టెక్సాస్‌లో ఉన్న మా భాంజా లాంటి పిల్లలు అలా వెళ్తున్నారు. వాళ్ల అమ్మీ, అబ్బాలు కూడా ఇది చదవాలి. ఆ గోష్త్ వచ్చేది ఇంటి దస్తర్‌ఖాన్ మీదికే కదా!

విల్లు కొన్నాక దుకాణంవాడు ఇంకో పొడవాటి జాబితా చేతిలో పెడతాడు. నా రాయ్ ఒక్కటే. జానవర్ ఎక్కువ తక్లీఫ్ పడకుండా ప్రాణం విడవడానికి, మాంసం హలాల్‌గా ఇంటికి చేరడానికి పనికొచ్చేది ముందు. మిగతాదంతా తర్వాత, లేదా అసలే వద్దు.

అందరికంటే ముందు బాణం, దాని మొన. పైసలన్నీ విల్లు మీద పెట్టి ఇక్కడ కక్కుర్తి పడేవాళ్లే ఎక్కువ. కానీ జానవర్‌ను తాకేది విల్లు కాదు, మొన. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) రివాయత్ నుంచి మనకు తెలిసే మసలా ఏమిటంటే, పదునుతో కోసుకుని దూరితే హలాల్, అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే మౌఖూజా, తినకూడదు. కుందేళ్లు, చిన్న జంతువుల కోసం అమ్మే మొద్దు మొనలు కోయవు, దెబ్బతోనే చంపుతాయి. అవి మన సంచీలో ఉండకూడదు. హిరన్‌కైతే పదునైన బ్లేడ్ల బ్రాడ్‌హెడ్ కావాలి. తగిలాక తెరుచుకునే రకం ఆ తెరుచుకోవడానికే కొంత జోరు ఖర్చు చేస్తుంది. తక్కువ పౌండ్ల విల్లు పట్టేవారికి బ్లేడ్లు కదలని రకమే భరోసా. బాణం బరువు కూడా చూడాలి. చాలా కంపెనీలు విల్లు లాగే బరువులో ప్రతి పౌండుకు కనీసం 5 గ్రెయిన్లు ఉండాలంటాయి. అంటే 60 పౌండ్ల విల్లుకు 300 గ్రెయిన్లు. అది విల్లు పాడవకుండా ఉండటానికి పెట్టిన హద్దు, షికార్‌కు అంతకంటే బరువైనదే మేలు.

తర్వాత సైట్, రెస్ట్, రిలీజ్. మూడు పిన్నుల సైట్ 20, 30, 40 గజాలకు సెట్ చేసుకుంటే కొత్తవారికి కాఫీ. బాణాన్ని చుట్టూ పట్టి ఉంచే బ్రష్ రెస్ట్ చవక, పాడయ్యే భాగాలు తక్కువ. నారిని వదిలే రిలీజ్ మాత్రం చేతికి సరిపోయేది, కాస్త మంచిదే కొనండి.

నారికి కట్టే సైలెన్సర్ చిన్న వస్తువే అయినా ఫాయిదా పెద్దది. సెకనుకు 280 అడుగుల వేగంతో వెళ్లే బాణానికి 40 గజాల దూరం చేరడానికి నాలుగు పదో వంతు సెకను పైనే పడుతుంది. శబ్దం అంతకంటే చాలా ముందే చేరుతుంది. హిరన్ ఉలిక్కిపడి వంగితే బాణం ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది వీపులో దిగుతుంది. అది గాయంతో పారిపోయి ఎక్కడో తడప్ తడప్‌గా చస్తుంది. ఆ జుల్మ్‌కు జవాబు చెప్పాల్సింది బాణం వదిలినవాడే. అందుకే కొత్తవారు 20 గజాలు దాటి బాణం వదలకపోవడం బెహ్‌తర్.

దుకాణంవాడి జాబితాలో ఉండని సామాను కూడా కొంత ఉంది. పదునైన ఛురీ, తలకు కట్టుకునే లైటు. మీరు చేరేసరికి జానవర్ ఇంకా జిందాగా ఉంటే జిబహ్ చేయాల్సిందే. వెలిగే నాక్ ఉంటే బాణం, దాంతోపాటు నెత్తుటి జాడ సులువుగా దొరుకుతాయి. ఐతే కొన్ని రాష్ట్రాల్లో విల్లుకు ఎలక్ట్రానిక్ వస్తువులు తగిలించడంపై ఆంక్షలున్నాయి, ముందు రూల్స్ చదవండి. చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చునేవారు ఒంటికి హార్నెస్ కట్టుకోవాలి. అక్కడ షికారీలకు పెద్ద ఖత్రా మంచె మీదినుంచి పడటమే.

ఇక వద్దన్నవి. విల్లు రంగుకు జోడీ కుదిరే అలంకారాలు ఇస్రాఫ్. విల్లుకు కెమెరా తగిలించి జానవర్ చావును వీడియో తీసి దోస్తులకు పంపడం అంతకంటే చెడ్డది. అల్లా పేరు చెప్పి తీసే ప్రాణం తమాషా ఎలా అవుతుంది?

ఖరీదైన సామాను ఉంటే నిషానా అదే కుదురుతుందని కొందరంటారు. సామాను సాయం చేస్తుంది, చెయ్యి కుదిరేది మష్ఖ్‌తోనే. ఆ మిగిలిన పైసలతో ఇంకో ఆరు బాణాలు కొని, షికార్‌కు వాడే మొనలతోనే సీజన్ దాకా రోజూ సాధన చేయండి. పదికి పది బాణాలు అరచేతి మేర పడేదాకా అడవిలోకి పోవద్దు. పోయినరోజు, నారి వదిలే ముందు బిస్మిల్లా మరవద్దు.