పని లేదంటే పైసలివ్వాలి - రసీదు అడగండి

నిరుద్యోగ భృతి అనగానే డిగ్రీ చదివిన పిల్లలకు ఎన్నికలప్పుడు నాయకులు చెప్పే మాటే గుర్తొస్తుంది. గడ్డపార పట్టే అన్నకూ తట్ట మోసే అక్కకూ కూడా భృతి ఉందనీ, అది ఎవరి వాగ్దానమూ కాదు చట్టమేననీ మేం చెబితే వాడల్లో జనం మమ్మల్ని ఎగాదిగా చూస్తున్నారు. చూడరా మరి! ఉపాధి హామీ పని దేశం మొత్తానికి మొదలైందే మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఇన్నేళ్లలో పనికి రమ్మని చాటింపు వేసినవాళ్లున్నారు గానీ, పని ఇవ్వకపోతే మీకు పైసలొస్తాయని చాటింపు వేసినవాడు ఒక్కడూ లేడు.

2005 చట్టం ఏడో సెక్షన్ ఏం రాసింది? పని కావాలని అర్జీ పెట్టిన 15 రోజుల్లో పని చూపాలి. చూపకపోతే ఆ తర్వాతి రోజు నుంచి భృతి కట్టాలి. మొదటి 30 రోజులకు కూలి రేటులో పావు వంతుకు తగ్గకూడదు, ఆపైన సగానికి తగ్గకూడదు. 2024-25లో మన రెండు రాష్ట్రాల్లోనూ రేటు 300 రూపాయలు. ఆ లెక్కన రోజుకు 75 చొప్పున 30 రోజులకు 2,250, అక్కణ్ణుంచి రోజుకు 150. ఆ ఏడాది ఇంటికి వచ్చిన కూలీ భృతీ కలిపి వంద రోజుల కూలికి సమానమయ్యేదాకా ఈ లెక్క నడవాలి.

మరి ఎందుకు రావడం లేదు? కిటుకు ఇక్కడుంది. ఆ చట్టంలో మట్టి పని కూలి ఢిల్లీ ఇస్తుంది, భృతి మాత్రం రాష్ట్రం తన ఖజానాలోంచి కట్టాలి. కట్టకుండా తప్పించుకోవడానికి అన్నిటికంటే సులువైన దారి అర్జీని అర్జీగా రాసుకోకపోవడమే. పని వచ్చినప్పుడు పిలుస్తాంలే పో అంటారు. పని వచ్చాక, ఆ రోజే మీరు అడిగినట్టు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. మీరు నెల్లాళ్లు తిరిగిన సంగతి ఏ కాగితం మీదా ఉండదు. అర్జీ లేదు గనక నిరుద్యోగమూ లేదు!

అందుకే రసీదు. పనికి అర్జీ తీసుకున్నవాళ్లు తేదీ వేసిన రసీదు ఇచ్చి తీరాలని ఆ చట్టం షెడ్యూల్లోనే ఉంది. వాడంతా కలిసి ఒకే కాగితం మీద పెట్టండి. జాబు కార్డు నంబర్లు, వేలిముద్రలు, ఏ రోజు నుంచి పని కావాలో అన్నీ రాయండి. 14 రోజులకు తక్కువ కాకుండా అడగండి. పంచాయతీలో తీసుకోకపోతే మండలానికి పోయి ఎంపీడీఓకు ఇవ్వండి. అక్కడా ముద్ర వెయ్యకపోతే స్పీడ్ పోస్టులో పంపితే పోస్టాఫీసువాళ్లిచ్చే చీటీయే మీ రుజువు. ఒక్కత్తే పోయి అడిగితే "నీకెందుకే చట్టాలు" అంటారు. నలభై మంది పోతే కుర్చీ చూపిస్తారు.

ఇంకో మెలిక. పనికి పిలిచిన 15 రోజుల్లో పోకపోతే మూడు నెలలు భృతి అడిగే హక్కు పోతుందని కూడా 2005 చట్టం రాసింది. "పని ఇచ్చాం, వాళ్లే రాలేదు" అని రాసుకోవడానికి ఇంతకంటే సుఖమైన సందు ఏముంది? కాబట్టి పిలుపు కూడా కాగితం మీదే అడగండి. పిలిస్తే మాత్రం పోండి.

మనవాళ్లు ఇప్పటికీ దీన్ని కరువు పని అనే అంటున్నారు. ఆ మాట మాకు గుచ్చుకుంటుంది. కరువు పని అంటే దొర దయ తలచి పెట్టే గంజి. బాబాసాహెబ్ నడిపించిన రాజ్యాంగం 41వ అధికరణలో పని హక్కు గురించీ, పని లేనివాళ్లకు ప్రభుత్వ సాయం గురించీ రాసి ఉంది. కాకపోతే ఆదేశిక సూత్రాల్లో ఉంది గనక దాన్ని పట్టుకుని కోర్టుకు పోలేకపోయాం. పల్లెలో పని హక్కు దేశమంతటా చట్టంగా మారడానికి 2005 దాకా పట్టింది.

ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్తది చేసింది. వంద రోజులు 125 అయ్యాయి. 15 రోజుల గడువూ భృతీ ఉన్నాయి, కట్టాల్సింది రాష్ట్రమే. అయితే ఇప్పుడు పథకం ఖర్చులో కూడా మనలాంటి రాష్ట్రాలు నూటికి 40 పెట్టాలి. అర్జీ రాసుకోకుండా ఉండే దురద తగ్గుతుందా, పెరుగుతుందా మీరే చెప్పండి. పైగా విత్తనాలప్పుడూ కోతలప్పుడూ కలిపి ఏడాదిలో 60 రోజులు పనులు ఆపొచ్చని రాశారు. కూలీలు దొరకడం లేదని పెద్ద రైతులు ఎన్నేళ్లుగానో ఏడుస్తున్నారు. వాళ్లకు దొరకనిది పాత రేటుకు వచ్చే కూలి. నాట్లప్పుడు మన ఆడవాళ్లు "ఇంతిస్తేనే దిగుతాం" అని గట్టు మీద నిలబడగలిగారంటే అటుపక్క ఇంకో పని ఉందన్న ధైర్యంతోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ తలుపు మూస్తే ఎవరికి లాభమో వేరే చెప్పాలా?

ఆ 60 రోజులు ఏవో ముందే ప్రకటించాలి. మీ మండలంలో ఏ తేదీలు పెట్టారో రాతపూర్వకంగా అడగండి. మిగతా రోజుల్లో ఏ చట్టం పేరుతో పని నడిచినా రసీదు మానొద్దు. సామాజిక తనిఖీవాళ్లు ఊరికి వచ్చిన రోజున ఆ రసీదులన్నీ గ్రామసభలో బల్ల మీద పెట్టండి. రసీదు ఇవ్వమన్న చోట ఏ రోజు, ఎంతమంది పోయారో, ఏమని పంపించారో మాకు రాయండి. వచ్చే సంచికలో ఊళ్ల వారీగా వేస్తాం.