తండ్రి మాట

సింహాచలం కొండకు యింత దగ్గరలో వుండి ప్రహ్లాదుడి కథ తెలియదనే వాళ్ళుండరు. తండ్రి ఆజ్ఞ మీద ఆ పసివాణ్ణి తోసివేసింది యీ కొండ పైనుంచేననీ, స్వామి వచ్చి ఆదుకున్నాడనీ మా పెద్దలు చెప్పేవారు. ఏడాది పొడుగునా చందనంలో వుండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రం నిజరూపం చూపే ఆ మూర్తిలో వరాహ, నరసింహావతారాలు రెండూ వున్నాయి. 2025 జులైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ బొమ్మల చిత్రంలోనూ ఆ రెండవతారాలూ వున్నాయి. అందుచేత మేము దానిని మా వూరి కథగానే చూచాం.

అశ్విన్ కుమార్ తీసిన యీ చిత్రం ఏడింటి వరుసలో మొదటిది. రెండవది పరశురాముడి కథ. 2027లో విడుదల చేస్తామని ప్రకటించారు. అది వచ్చేలోగా మొదటిది మరొకసారి చూద్దామని మొన్న ఆదివారం యింటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం.

హాలులో చూచిననాడు నా కళ్ళు స్తంభం మీదనే వున్నాయి. అదెప్పుడు పగులుతుందా, స్వామి ఎప్పుడు గర్జిస్తాడా అని! యింట్లో చూస్తే సింహం చిన్నదయింది, తండ్రీ కొడుకులు పెద్దవారయ్యారు.

1932లో మన మొదటి తెలుగు టాకీ యీ కథే. 1967 నాటి రంగుల ‘భక్త ప్రహ్లాద’లో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు. ఎన్నిసార్లు తీసినా జనానికి విసుగు పుట్టలేదు. ఆ రాక్షసుడు తండ్రి కూడా కావడమే అందుకు కారణమేమో. పోతనగారి భాగవతంలో అతడు కొడుకును చేరదీసి, ఏం చదువుకున్నావని ముద్దుగా అడుగుతాడు. కోరిన జవాబు వచ్చివుంటే అంత మంచి తండ్రి మరొకడుండడు. విషమూ, పాములూ, కొండా అన్నీ జవాబు నచ్చని తరువాతనే.

సరిగ్గా అక్కడే మావాడు, “నాన్నగారూ, చండామార్కులకు జీతమిచ్చేది హిరణ్యకశిపుడేనా?” అన్నాడు.

“ఆయనే.”

“అయితే పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు!”

మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడు పదో తరగతి పూర్తి చేశాడు. ఇంటరులో ఆర్ట్స్ గ్రూపు తీసుకుని, ఆపైన తెలుగు చదువుతానంటాడు. కాదు, ఎం.పి.సి.యే అన్నాను నేను. ఇరవై యేళ్ళుగా ఊరి పిల్లలందరికీ తెలుగు తీయదనం బోధించి జీతం పుచ్చుకుంటున్నవాణ్ణి, నా కొడుకు దగ్గరకు వచ్చేసరికి ఆ తీయదనం చేదయింది. ఆ సాయంత్రం నేను చండామార్కుల పక్షమో, హిరణ్యకశిపుడి పక్షమో తేల్చుకోలేకపోయాను.

రాబోయే చిత్రంలో ఏమి చూపిస్తారో చూడాలి. పురాణంలో మాత్రం పరశురాముడు ప్రహ్లాదుడికి పూర్తిగా ఎదురు. తండ్రి జమదగ్ని చెప్పగానే ఎదురాడక తల్లి తలను నరికినవాడు. తండ్రి మెచ్చి వరమిస్తానంటే, ఆ తల్లినే బ్రతికించమన్నాడు. అంటే తండ్రి మాట జవదాటని కొడుకు కూడా, ఆ మాట తెచ్చిన నష్టం తీర్చమని తండ్రినే వేడుకోవలసి వచ్చింది. మాట కాదన్న ప్రహ్లాదుడో? చచ్చిన తండ్రికి మంచి గతి కలిగించమని స్వామిని వరమడిగాడు.

ఒకడు విన్నాడు, ఒకడు వినలేదు. ఇద్దరిలో ఎవరికీ తండ్రి మీద ప్రేమ తక్కువ లేదు. కథలు పిల్లలకని మనం చూపిస్తాం గాని, యీ రెండూ తండ్రుల కోసం చెప్పినవనే నాకు తోచింది.

కాలేజీ దరఖాస్తు నా బల్ల మీదనే వుంది. గ్రూపు అన్నచోట ఖాళీ వదిలాను. పొద్దున్న మావాణ్ణి పిలిచి దానిని చేతికిచ్చి, “నువ్వే నింపు” అన్నాను. వాడు నా ముఖంలోకి అనుమానంగా చూచి, కలం కూడా యిమ్మన్నాడు.